సహాయ కేంద్రం నుంచి మెయిల్ వచ్చింది: వెళ్ళాలా, ఊరుకోవాలా?

కాగితంపడవ
మొదటి ఏడాది, రెండో సెమిస్టర్. నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. "ఈ సెమిస్టర్‌లో మీ హాజరు తగ్గినట్టు గమనించాం. వీలు చూసుకుని విద్యార్థి సహాయ కేంద్రంలో ఒకసారి కలవండి" అని. కింద ఒక పేరు, గది నంబరు. అంతే. ఇప్పటికి పదిసార్లు చదివాను.

క్లాసులు మానేసిన మాట నిజమే. మొదటి మిడ్‌టర్మ్‌లో కాలిక్యులస్ పోయింది. ఆ తర్వాత ఆ గది వైపు వెళ్ళాలంటేనే కడుపులో తిప్పేది. ఒక క్లాసు మానేస్తే తర్వాతిది అర్థం కాలేదు, అర్థం కాలేదని అదీ మానేశాను. ఇప్పుడది మిగతా సబ్జెక్టులకూ పాకింది. పగలంతా గదిలోనే ఉంటున్నాను.

నాకు తెలియాల్సినవి రెండు. అక్కడికి వెళ్తే రికార్డులో ఎక్కుతుందా? రేపు ఉద్యోగానికో పై చదువుకో వెళ్ళినప్పుడు ఎవరైనా చూస్తారా? రెండోది, అసలు వాళ్ళేం చేస్తారు? తిడతారా, ఇంటికి ఫోన్ చేస్తారా? క్యాంపస్‌లో అడగడానికి నాకు అంత దగ్గరివాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

వెనకబెంచి
పోయిన ఏడాది నాకూ వచ్చింది ఇలాంటిది. డిలీట్ చేశాను. ఆ సెమిస్టర్ మొత్తం పోయింది. ఆ పని మాత్రం చేయకు.

నిప్పురవ్వ
నేను వెళ్ళినవాణ్ణే కాబట్టి చెబుతున్నాను, పెద్దగా ఆశ పెట్టుకోకు. బయటి గదిలో పదిమంది కూర్చుని ఉండగా కౌంటర్‌లో ఆవిడ "ఏం ప్రాబ్లమ్?" అని గట్టిగా అడిగింది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని అందరూ వినేలా చెప్పాల్సి వచ్చింది. అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత ఇచ్చారు. ఈలోగా పరీక్షలు వచ్చి వెళ్ళిపోయాయి. నేను మళ్ళీ వెళ్ళలేదు.

వానపిట్ట
అందరి ముందూ అడగడం చాలా తప్పు. చిన్న కాగితం ఇచ్చి రాయమంటే సరిపోయేది కదా.

బల్లఇటువైపు
తొమ్మిదేళ్ళుగా ఇలాంటి కేంద్రంలోనే పనిచేస్తున్నాను. ముందు నిప్పురవ్వకి: మీకు జరిగింది జరగకూడనిది. అలా అడిగిన ఒక్క మాటతో ఒక మనిషి మళ్ళీ ఆ గడప తొక్కడు. మా దగ్గరా ఒకప్పుడు అలాగే ఉండేది. ఇప్పుడు కౌంటర్‌లో "ఈరోజే మాట్లాడాలా, ఈ వారంలో అయినా పర్వాలేదా" అన్న ఒక్క ప్రశ్నే అడుగుతారు. కారణం అడగరు.

ఇక కాగితంపడవ ప్రశ్నలు. మార్కుల జాబితా వేరు, మా నోట్స్ వేరు. మీరు ఉద్యోగానికి పంపే ట్రాన్స్‌క్రిప్ట్‌లో సబ్జెక్టులూ గ్రేడ్లూ ఉంటాయి. సహాయ కేంద్రానికి వచ్చారన్న సంగతి అందులో ఉండదు. అయినా నా మాట మీద ఆధారపడకండి. లోపలికి వెళ్ళగానే మొదటి ప్రశ్న మీరే వేయండి: "నేను చెప్పేది ఎవరు రాసుకుంటారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు మూడో మనిషికి చెబుతారు?" సరైన చోట దీనికి తడబడకుండా జవాబు చెబుతారు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఆ గుట్టు ఉండదు, ఉండకూడదు కూడా. ఇంట్లో చెప్పే విషయంలో నిబంధనలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, అదీ అప్పుడే అడగండి.

తిట్టడం మా పని కాదు. హాజరు చూసి మెయిల్ పంపేది ఎందుకంటే, మనిషి ఇబ్బందిలో పడ్డాడని అన్నిటికన్నా ముందు తెలిసేది అక్కడే. మార్కులు పడిపోయేసరికి చాలా ఆలస్యం అయిపోతుంది. మొదటిసారి మేం అడిగేవి మామూలు విషయాలే. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఏ సబ్జెక్టులో మొదలైంది, డబ్బు ఇబ్బందులున్నాయా, రోజులో ఎవరితోనైనా మాట్లాడుతున్నావా. ఆ జవాబులను బట్టి ఎవరి దగ్గరికి పంపాలో తెలుస్తుంది. అందరికీ కౌన్సెలర్ అక్కర్లేదు. కొందరికి ట్యూటర్ చాలు, కొందరికి ఫీజు గడువు పొడిగిస్తే చాలు.

నిప్పురవ్వ
జవాబు ఇచ్చినందుకు థాంక్స్. కానీ మూడు వారాల సంగతి దాటేశారు.

బల్లఇటువైపు
దాటేయలేదు, అది నిజం కాబట్టి తీరిగ్గా రాద్దామనుకున్నాను. వారం వారం కూర్చునే కౌన్సెలింగ్‌కి క్యూ ఉంటుంది. మిడ్‌టర్మ్‌ల తర్వాత ఇంకా పెరుగుతుంది. చాలా చోట్ల అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చి పదిహేను ఇరవై నిమిషాలు మాట్లాడే వేళలు కూడా పెడతారు, అది చాలామందికి తెలియదు. "డ్రాప్-ఇన్ ఉందా? ఎవరైనా రద్దు చేసుకుంటే నన్ను పిలుస్తారా?" అని రెండూ అడగండి. రద్దులు రోజూ ఉంటాయి. ఇదంతా విద్యార్థి అడిగితేగానీ చెప్పకపోవడం మా వైపు తప్పు.

ఇంకో మాట. ఎవరికైనా ఇప్పుడే, ఈ రాత్రే ప్రమాదం అనిపిస్తే ఏ క్యూ కోసమూ ఆగొద్దు. ఎమర్జెన్సీ నంబరు, వార్డెన్, క్యాంపస్ సెక్యూరిటీ, పక్క గది తలుపు, ఏది దగ్గరైతే అది.

సైన్‌థీటా
మొదటి ఏడాది వాళ్ళకి లెక్కల ట్యుటోరియల్ చెబుతాను. తమ్ముడూ, కాలిక్యులస్ పోవడం తెలివికి సంబంధించింది అనుకుంటున్నావేమో. ఒక సంగతి చెబుతా విను.

1970లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రీస్‌మన్ అనే ఆయనకి ఇదే ప్రశ్న ఎదురైంది. నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో పెద్ద సంఖ్యలో తప్పుతున్నారు, చైనా మూలాలున్న విద్యార్థులు బాగా చేస్తున్నారు. కారణమేంటని అధ్యాపకుల్ని అడిగితే పట్టుదల లేదన్నారు, పునాది లేదన్నారు, ఇంట్లో ప్రోత్సాహం లేదన్నారు. ఆయన పిల్లల వెంటే ఉండి, వాళ్ళు ఎలా చదువుతున్నారో నెలల తరబడి చూశాడు. ఆ కారణాలేవీ నిలబడలేదు. తప్పుతున్నవాళ్ళు చెప్పిన హోంవర్కు చెప్పినట్టే చేస్తున్నారు, కానీ ఒక్కళ్ళే చేస్తున్నారు. నెగ్గుతున్నవాళ్ళు ముందు విడిగా చేసుకుని, తర్వాత గుంపుగా కూర్చుని ఒకరి జవాబులు ఒకరు దిద్దుకుంటున్నారు. ఏ లెక్క అందరికీ కష్టంగా ఉందో వాళ్ళకి తెలుసు. ఒంటరిగా చేసేవాడికి ఆ లెక్క తనకొక్కడికే రాలేదనిపిస్తుంది.

తర్వాత ఆయన వర్క్‌షాపులు పెట్టాడు. వెనకబడినవాళ్ళకి తేలిక లెక్కలిచ్చే క్లాసులు కావవి. మామూలు కన్నా కష్టమైన లెక్కలిచ్చి కలిసి చేయమన్నాడు. ఫలితాలు మారిపోయాయి.

నీ క్యాంపస్‌లో ఇలాంటిది ఏదో పేరుతో ఉండే ఉంటుంది. వెతుకు.

కాగితంపడవ
తమ్ముణ్ణి కాదు, చెల్లిని :)

ట్యుటోరియల్ ఉంది. కానీ అక్కడికి వెళ్తే "తప్పినవాళ్ళ క్లాసు" అంటారు. నోటీసు బోర్డు మీద కూడా దాదాపు అలాగే రాసి ఉంది.

సైన్‌థీటా
సారీ చెల్లీ. ఆ నోటీసు రాసినవాళ్ళకి చెప్పాలి. నేను ట్యుటోరియల్‌కి పేరు పెట్టమంటే "కాలిక్యులస్ గురువారం" అని పెట్టాను. అంతే, వచ్చేవాళ్ళు పెరిగారు.

బల్లఇటువైపు
ఈ పేరు గొడవకి పాత పరిష్కారం ఒకటుంది. 1973లో మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ క్యాంపస్‌లో డియానా మార్టిన్ అనే ఆవిడ ఒక పద్ధతి మొదలుపెట్టారు. సహాయం కావాల్సిన విద్యార్థుల్ని వేరుచేసి చూడటం మానేసి, ఎక్కువమంది తప్పే సబ్జెక్టుల్ని గుర్తించారు. ఆ సబ్జెక్టు తీసుకున్న అందరికీ వారం వారం సెషన్ ఉంటుంది, ఇష్టమైనవాళ్ళు రావచ్చు. దాన్ని నడిపేది అంతకు ముందు అదే సబ్జెక్టు బాగా చేసిన విద్యార్థి. ఆ విద్యార్థి మళ్ళీ క్లాసులో కూర్చుని నోట్స్ రాసుకుంటాడు కూడా. ఫస్టు మార్కులు తెచ్చుకునేవాళ్ళూ వస్తారు కాబట్టి అక్కడ కూర్చుంటే ఎవరి నుదుటా ఏమీ రాసి ఉండదు. ఇప్పుడు చాలా దేశాల్లో ఇది నడుస్తోంది. మా దగ్గర దీన్ని తెప్పించడానికి నాలుగేళ్ళు పట్టింది. నా ఉద్యోగంలో నేను అన్నిటికన్నా గర్వపడేది దానికే.

అద్దంలోఅక్షరాలు
నుదుటి మీద రాత గురించి నేను చెప్పగలను. నాకు డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. స్కూల్లో అందరూ బద్ధకం అన్నారు, నేనూ అదే అనుకున్నాను. యూనివర్సిటీకి వచ్చాక రెండో ఏడాదిలో లైబ్రరీలో పనిచేసే ఒకావిడ నేను ఒకే పేజీ దగ్గర గంటసేపు ఉండటం చూసి, మెల్లగా అడిగి, సహాయ కేంద్రానికి తీసుకెళ్ళింది. పరీక్ష చేయించారు, కాగితాలు తయారుచేశారు. పరీక్షల్లో అదనపు సమయం, పాఠాలు వినడానికి ఆడియో ఇచ్చారు.

నేను భయపడిందల్లా టీచర్లకి తెలుస్తుందనే. వాళ్ళకి వెళ్ళిన ఉత్తరంలో "ఈ విద్యార్థికి ఇంత అదనపు సమయం ఇవ్వాలి" అని మాత్రమే ఉంది. ఎందుకో లేదు. ఆ ఉత్తరం నాకు ముందే చూపించి, ఒప్పుకున్నాకే పంపారు.

ఒకటే బాధ, రెండేళ్ళు ముందు వెళ్ళి ఉంటే బాగుండేది. ఆ రెండేళ్ళ గ్రేడ్లు అలాగే ఉండిపోయాయి, వెనక్కి వెళ్ళి ఎవరూ మార్చరు.

వానపిట్ట
ఆ లైబ్రరీ ఆవిడకి దణ్ణం పెట్టాలి.

మూడోఅంతస్తు
కాగితంపడవ అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబులు వచ్చాయి. నాకు మాత్రం ఆమె చివర రాసిన మాట దగ్గర మనసు ఆగిపోయింది. అడగడానికి ఎవరూ లేరని. హాస్టల్లో ఒక అంతస్తు బాధ్యత నాది. ఒకే వరండాలో ముప్పై మంది ఉంటారు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. సహాయ కేంద్రం ఎంత బాగున్నా, అక్కడికి తోడు వచ్చే మనిషి లేకపోతే చాలామంది వెళ్ళరు.

1950లో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పెళ్ళైన విద్యార్థుల ఇళ్ళ సముదాయం గురించి రాశారు. స్నేహాలు ఎలా కుదిరాయని చూస్తే, అభిరుచుల కన్నా తలుపుల దూరమే ఎక్కువ పనిచేసిందని తేలింది. పక్క తలుపు వాళ్ళని దగ్గరి స్నేహితులని చెప్పినవాళ్ళు 41 శాతం, అదే అంతస్తులో ఆ చివర ఉన్నవాళ్ళని చెప్పినవాళ్ళు 10 శాతం. మెట్ల మొదట్లో ఉన్న ఇంటివాళ్ళకి పై అంతస్తులో కూడా స్నేహితులు ఉన్నారు, రోజూ ఎదురుపడతారు కాబట్టి.

అది చదివాక నేను చేసింది చిన్న పని. మా వరండాలో మెట్ల దగ్గర ఖాళీగా ఉన్న మూలలో రెండు బల్లలు, నాలుగు కుర్చీలు వేయించాను. నీళ్ళ ఫిల్టర్ అక్కడికి మార్పించాను. నీళ్ళకి వచ్చినవాళ్ళు కాసేపు నిలబడతారు. నెలలోపు అక్కడ రోజూ రాత్రి ఎవరో ఒకరు చదువుకుంటూ కనిపించారు.

ఆఖరిబస్సు
హాస్టల్ వాళ్ళకి వరండా ఉంది. మాకేముంది? రోజూ గంటన్నర ప్రయాణం చేసి వచ్చి వెళ్తాను. క్లబ్బులు, సాంస్కృతిక కార్యక్రమాలు, సీనియర్లతో ముఖాముఖి అన్నీ సాయంత్రం ఏడుకి. నా ఆఖరి బస్సు ఆరున్నరకి. మూడేళ్ళలో ఒక్కదానికీ వెళ్ళలేదు. క్యాంపస్ జీవితం అని మీరంతా అనేది నాకు ఫోటోల్లోనే తెలుసు. రెండు క్లాసుల మధ్య రెండు గంటల ఖాళీ ఉంటే మెట్ల మీద కూర్చుంటాను. మాకు బ్యాగు పెట్టుకోవడానికి ఒక అల్మారా కూడా లేదు.

మళ్ళీచదువు
ఆఖరిబస్సు చెప్పినదానికి నా వంతు. నాకు ముప్పై ఎనిమిది, ఇద్దరు పిల్లలు. పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ చదువుకి వచ్చాను. సహాయ కేంద్రం తొమ్మిది నుంచి అయిదు, నా క్లాసులు కూడా అవే వేళలు. ఒకసారి అడిగితే మధ్యాహ్నం విరామంలో ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు చేశారు. అడిగాకే చేశారు, అడక్కపోతే లేదు.

మేం కొంతమందిమి కలిసి ఒంటిగంట బృందం అని పెట్టుకున్నాం. రోజూ వచ్చి వెళ్ళేవాళ్ళు, పనిచేసుకుంటూ చదివేవాళ్ళు, నాలాంటివాళ్ళు. ఒక ఖాళీ తరగతి గది అడిగి తీసుకున్నాం, వారానికి రెండు రోజులు. ఎవరి డబ్బా వాళ్ళది. ఏ కార్యక్రమమూ లేదు, కూర్చుని మాట్లాడుకుంటాం అంతే. ఒకరి నోట్స్ ఒకరికి అందేది అక్కడే. ఫలానా ఫీజు రాయితీకి గడువు ఎల్లుండితో అయిపోతుందని నాకు తెలిసింది కూడా అక్కడే.

ఆఖరిబస్సు
అక్కా, ఆ గది ఎవర్ని అడిగారు?

మళ్ళీచదువు
విద్యార్థి వ్యవహారాల ఆఫీసులో. అర పేజీ ఉత్తరం, పదకొండు సంతకాలు. మొదట కాదన్నారు. ఖాళీగా ఉండే గదుల టైమ్‌టేబుల్ మేమే తయారుచేసి పట్టుకెళ్ళాం, అప్పుడు ఒప్పుకున్నారు. అల్మారాల గురించి కూడా అలాగే అడుగు, ఏ గోడకి ఎన్ని పడతాయో కొలిచి మరీ తీసుకెళ్ళు.

వెనకబెంచి
ఏదైనా క్లబ్బులో చేరితే ఒంటరితనం అదే పోతుంది కదా. నాకైతే క్విజ్ క్లబ్బుతో పోయింది.

నిప్పురవ్వ
పోదు. నేను మూడు క్లబ్బుల్లో ఉన్నాను. బ్యానర్లు కడతాం, కుర్చీలు వేస్తాం, కుర్చీలు తీస్తాం. ఒక్కరికీ నా ఇంటిపేరు తెలియదు.

మూడోఅంతస్తు
మీ ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు స్నేహానికి ఎన్ని గంటలు పడతాయో లెక్కగట్టాడు, ఆ అధ్యయనం 2018లో వచ్చింది. మామూలు పరిచయం కొంచెం స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, స్నేహం అనదగ్గది కావడానికి 90, దగ్గరి స్నేహానికి 200 పైన. కలిసి పనిచేసిన గంటలు అంతగా లెక్కకి రావు. కబుర్లకీ నవ్వుకోవడానికీ ఊరికే తిరగడానికీ పెట్టిన గంటలే ఎక్కువ పనిచేస్తాయి. అందుకే కుర్చీలు వేసినవన్నీ నీకు కలిసి రాలేదు. పని అయ్యాక వెంటనే వెళ్ళిపోకుండా అరగంట ఆగి చూడు.

కాగితంపడవా, నీకూ ఇదే. రెండో సెమిస్టర్‌లోనే దగ్గరివాళ్ళు లేరంటే నీలో లోపం ఉన్నట్టు కాదు. నీకు ఇంకా అన్ని గంటలు దొరకలేదు.

రాత్రిగొంతు
మా క్యాంపస్‌లో విద్యార్థులే నడిపే ఫోన్ సేవ ఉంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారు మూడు వరకు. ఇలాంటిది మొదట 1970లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో నైట్‌లైన్ పేరుతో మొదలైంది. అక్కడ నుంచి చాలా చోట్లకి వెళ్ళింది. ఫోన్ ఎత్తేవాళ్ళు తమ పేరు చెప్పరు, చేసేవాళ్ళ పేరు అడగరు.

మాకిచ్చిన శిక్షణలో నాకు అన్నిటికన్నా కష్టమైంది సలహా ఇవ్వకుండా ఉండటం. అవతలి మనిషి మౌనంగా ఉంటే మనమూ ఆగాలి. మొదట్లో పది సెకన్లు కూడా ఉండలేకపోయేదాన్ని. ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది పెద్ద ఆపదలో ఉన్నవాళ్ళు కారు. "ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు, గొంతు పనిచేస్తుందో లేదో చూద్దామని చేశాను" అన్నవాళ్ళున్నారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి మాటలు కూడదీసుకోవడానికి ఇలాంటి లైన్ పనికొస్తుంది. దానికి బదులు మాత్రం కాదు.

అద్దంలోఅక్షరాలు
మా అధ్యాపకుడొకరు మొదటి రోజు క్లాసులో "మొదటి ఏడాది నేను ఇక్కడ సరిపోనేమో అనుకున్నాను, రెండుసార్లు పెట్టె సర్దుకున్నాను" అని చెప్పారు. ఆ ఒక్క మాట నాలుగేళ్ళు గుర్తుంది. సీనియర్లు ఇలాంటివి ఎందుకు చెప్పరో.

బల్లఇటువైపు
చెబితే పనిచేస్తుంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో దీని మీద ఒక ప్రయోగం ప్రచురించారు. మొదటి ఏడాది విద్యార్థులకి సీనియర్ల అనుభవాలు చదివించారు. ఇక్కడ నాకు చోటు లేదన్న భావన మొదట్లో అందరికీ ఉంటుంది, కొన్నాళ్ళకి పోతుంది అన్నవి. తర్వాత వాళ్ళ సొంత మాటల్లో రాయించారు. మొత్తం గంట పని. నల్లజాతి విద్యార్థుల గ్రేడ్లు తర్వాతి మూడేళ్ళపాటు పెరిగాయి. మేం ఏటా చేరికల వారంలో సీనియర్ల చేత మాట్లాడిస్తాం. ర్యాంకర్ల చేత మాత్రమే కాదు, ఒక సబ్జెక్టు తప్పి నిలబడినవాళ్ళ చేత.

కాగితంపడవ
నాలుగు రోజులు ఏమీ రాయలేదు, కానీ అన్నీ చదివాను. బుధవారం వెళ్ళాను.

ఒక్కదాన్నే వెళ్ళలేకపోయాను. మూడోఅంతస్తు రాసింది చదివాక పక్క గది అమ్మాయి తలుపు కొట్టి "సహాయ కేంద్రం ఎక్కడో తెలుసా" అని అడిగాను. నాకు తెలుసు, ఊరికే అడిగాను. చెప్పులు వేసుకుని నాతోపాటే వచ్చేసింది.

లోపల మొదటి ప్రశ్న నేనే వేశాను, ఎవరు చూస్తారని. ఆయన ఒక పేజీ తీసి చూపించారు, చదివి సంతకం పెట్టాను. తిట్టలేదు. నిద్ర గురించే పదినిమిషాలు అడిగారు. ఐచ్ఛిక సబ్జెక్టు ఒకటి వదిలేయడానికి గడువు ఇంకా ఎనిమిది రోజులుందట, నాకు ఆ సంగతే తెలియదు. అది వదిలేశాను. రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. బయటికి వచ్చాక వరండాలో నిలబడి కాసేపు ఏడ్చాను. పక్క గది అమ్మాయి ఏమీ అడగకుండా పక్కన నిలబడింది.

గురువారం ట్యుటోరియల్‌కీ వెళ్ళాను. ఆరుగురు ఉన్నారు, అందులో ముగ్గురు నాలాగే మిడ్‌టర్మ్ తప్పినవాళ్ళు.

వెనకబెంచి
చాలా సంతోషంగా ఉంది.

నిప్పురవ్వ
నేనూ డ్రాప్-ఇన్ వేళలు అడిగి చూశాను. ఉన్నాయి. మంగళవారం వెళ్తున్నాను. కౌంటర్ సంగతి కూడా రాతపూర్వకంగా ఇస్తాను.

ఆఖరిబస్సు
అల్మారాలకి ఇరవై మూడు సంతకాలు వచ్చాయి అక్కా. గోడ కొలిచాం.

కాగితంపడవ
సైన్‌థీటా అన్నా, ఒక డౌటు. సైన్ స్క్వేర్ 3ఎక్స్‌కి అవకలనం. చైన్ రూల్ ఒకసారి వేయాలా, రెండుసార్లా? మా ఆరుగురిలో ముగ్గురు ఇటు, ముగ్గురు అటు.

సైన్‌థీటా
మూడు పొరలున్నాయి చూడు. బయట వర్గం, మధ్యలో సైన్, లోపల 3ఎక్స్. కాబట్టి రెండుసార్లు. 6 సైన్ 3ఎక్స్ కాస్ 3ఎక్స్ రావాలి. ఒకసారే వేసినవాళ్ళకి ఆ 3 పోయి 2 మాత్రమే మిగిలి ఉంటుంది. వాళ్ళ చేతే మళ్ళీ చేయించు, నువ్వు చెప్పేయకు.